గుంపుగా షికారు: కిట్ కారు ఓనర్లకి కొన్ని అమూల్యమైన సలహాలు

కారు బిగించడం అయిపోయింది కదా, శుభం. గరాజ్‌లో రెండు శీతాకాలాలు గడిపారు, పిల్లల పుట్టినరోజులు రెండు మూడు మరిచిపోయారు, చివర్న మిగిలిపోయిన బోల్టులన్నీ పాత పచ్చడి సీసాలో పోసి ఆవిడకి కనపడకుండా అటకెక్కించారు. ఇక చేయాల్సింది దాన్ని నలుగురికీ చూపించడం. ఇంగ్లండులో అందుకోసమే క్లబ్బులున్నాయి. ఆదివారం పొద్దున్నే ఏదో ఒక పబ్బు వెనక పార్కింగులో పదో పదిహేనో కార్లు చేరతాయి. టీలు తాగి, కొండదారి పట్టి, మధ్యాహ్నం ఎక్కడో భోంచేసి, చీకటి పడేలోపు ఇళ్ళకి చేరతాయి. సరైన సలహా చెప్పేవాళ్ళు లేకపోతే రోజంతా నిజంగానే అలా హాయిగా గడిచిపోయే ప్రమాదం ఉంది. రెడింగ్‌లోనో మిల్టన్ కీన్స్‌లోనో ఉద్యోగం చేసుకుంటూ కొత్తగా ఈ పిచ్చిలో పడిన మనవాళ్ళకి ఆ గతి పట్టకూడదనే ఈ నాలుగు మాటలు.

కిట్ కారంటే ఏమిటో తెలియని బంధువులెవరైనా పక్కన కూర్చుని చదువుతుంటే వాళ్ళ కోసం చిన్న ముచ్చట. 1957లో కాలిన్ చాప్‌మన్ లోటస్ సెవెన్ అనే కారు తెచ్చాడు. తలుపులు లేవు, పైకప్పు పేరుకే, బరువు అరటన్నుకి అటూ ఇటూ. కంపెనీ బిగించిన కారు కొంటే ఆ రోజుల్లో కొనుగోలు పన్ను పడేది. విడిభాగాలు కొని ఇంట్లో బిగించుకుంటే పడేది కాదు. కాకపోతే ఎలా బిగించాలో రాసిన పుస్తకం జతచేస్తే పన్నువాళ్ళు ఒప్పుకోరు. అందుకని లోటస్‌వాళ్ళు కారు విప్పడమెలాగో రాసిచ్చారనీ, కొన్నవాళ్ళు దాన్ని చివర్నుంచి మొదటికి చదువుకుంటూ బిగించుకున్నారనీ ఈ లోకంలో అందరూ చెప్పుకుంటారు. నా సలహాలు కూడా అలాగే చదువుతున్నామని క్లబ్బులో కొందరు మిత్రులు అంటున్నారు. వాళ్ళ ఇష్టం.

1973లో వ్యాట్ వచ్చాక ఆ లాభం పోయింది. లోటస్ కూడా ఆ కారుని వదిలేసుకుంది. సర్రేలో కేటరమ్ అనే ఊళ్ళో దాన్ని అమ్ముతున్న డీలరు హక్కులు తీసుకున్నాడు. ఇప్పటికీ అది ఆ ఊరి పేరుతోనే వస్తోంది. 1996లో రాన్ ఛాంపియన్ అనే మాస్టారు 250 పౌండ్లకే స్పోర్ట్స్ కారు కట్టుకోవచ్చని ఏకంగా పుస్తకమే రాశారు. అది చదివి ఎంతమంది పాత ఫోర్డ్ ఎస్కార్ట్‌లు విప్పుకున్నారో లెక్కలేదు. వాళ్ళలో 250తో సరిపెట్టినవాళ్ళు ఎవరైనా ఉన్నారా అని అడగాలనిపిస్తే ఆగండి. అడిగే సమయం, సందర్భం వేరే ఉన్నాయి. తరవాత చెప్తాను.

ముందు తనిఖీ సంగతి. ఇంట్లో బిగించిన కారు రోడ్డెక్కాలంటే ఐవీఏ అనే పరీక్ష పాసవాలి. బయటికి పొడుచుకొచ్చే అంచులన్నీ కనీసం 2.5 మిల్లీమీటర్ల వ్యాసార్ధంతో గుండ్రం తిరిగి ఉండాలని అందులో నియమం. పక్కనుంచి పోయేవాళ్ళకి గీసుకోకూడదని వాళ్ళ తాపత్రయం. పాసైన సాయంత్రమే, అందుకోసం అంచులకి తొడిగిన రబ్బరు తొడుగులన్నీ పీకేయండి. కారు అందం బయటపడుతుంది. షికారులో మీ కారుకి దగ్గరగా నడిచిన ప్రతివాళ్ళూ మిమ్మల్ని గుర్తుపెట్టుకుంటారు.

కొత్త కారుని మొదట ఇంటి చుట్టుపక్కలే నడిపి, వచ్చి నట్లన్నీ మళ్ళీ బిగించి, ఇంకాస్త దూరం పోయి మళ్ళీ చూసుకోవాలని, చక్రాల నట్లయితే మరీ ముఖ్యమని పాతకాపులు చెప్తారు. చాదస్తం. మీరు తిన్నగా స్కాట్లండ్ బయల్దేరండి. ఇన్వర్నెస్ కోట దగ్గర మొదలై, ఉత్తరాన సముద్రం ఒడ్డమ్మట చుట్టి, మళ్ళీ అక్కడికే వచ్చే నార్త్ కోస్ట్ 500 దారి మొత్తం 516 మైళ్ళు. ఊడాల్సిన నట్టేదో ఈలోపు దానంతటదే ఊడుతుంది, మీకు పానా పట్టుకునే శ్రమ తప్పుతుంది. ఆ దారిలో పెట్రోలు బంకులు దూరదూరంగా ఉంటాయి. మన కార్లలో పెట్రోలు ముల్లు మలుపు తిరిగినప్పుడల్లా సున్నాకీ ముప్పావుకీ మధ్య ఊగులాడుతుంది. ముప్పావు చూపించిన క్షణాన్నే నమ్మండి. మనిషన్నాక ఆశావాదం ఉండాలి.

షికారు దారి ఎంచే పని మీకు అప్పగించారనుకోండి. తెలివితక్కువవాళ్ళు వారం ముందే మామూలు కారులో ఆ దారంతా ఓసారి తిరిగొస్తారు. ఎక్కడ రోడ్డు తవ్వారు, ఎక్కడ గులకరాళ్ళు పోశారు, ఎక్కడ పదిహేను కార్లు పడతాయి, ఆడవాళ్ళకి మరుగుదొడ్డి ఎక్కడుంది అని చూసి రాసుకుంటారు. మీరు మ్యాపు పరిచి, ఏ గీత ఎక్కువ మెలికలు తిరిగితే దాని మీద వేలు పెట్టండి. ఆ వేలు లేక్ డిస్ట్రిక్ట్‌లో హార్డ్‌నాట్ పాస్ మీద పడితే మీ పంట పండినట్టే. ఎస్క్‌డేల్ నుంచి డడన్ లోయకి దాటించే దారి అది. నిట్రంగా ఉన్నచోట మూడడుగులు ముందుకి పోతే ఒక అడుగు పైకి లేస్తుంది. తిరుమలలో ఎక్కడానికో ఘాట్ రోడ్డు, దిగడానికో ఘాట్ రోడ్డు. హార్డ్‌నాట్‌లో రెండింటికీ ఒక్కటే, అదీ ఒక్క కారు వెడల్పు.

ఆగస్టు బ్యాంక్ హాలిడే ఆదివారం మిట్టమధ్యాహ్నం అక్కడికి పదిహేను కార్లతో చేరండి. సెవెన్ రకం కార్లలో ఇంజను కింద ఆయిల్ సంప్ నేలకి నాలుగు వేళ్ళ ఎత్తున ఉంటుంది. వంపు తిరిగే చోట రోడ్డు మధ్య ఉబ్బెత్తు దాన్ని ఆప్యాయంగా తాకుతుంది. ఏసీ కోబ్రా అనే పాత స్పోర్ట్స్ కారుకి నకళ్ళు కట్టుకున్నవాళ్ళకి ముందు పొడుగాటి బానెట్ ఉంటుంది కాబట్టి ఏటవాలు కొసకి చేరేసరికి బానెట్టూ ఆకాశమూ తప్ప మూడోది కనపడదు. సరిగ్గా అప్పుడే పైనుంచి ఒక క్యాంపర్ వ్యాన్ దిగుతుంది. ఎవరు వెనక్కి తీయాలో చర్చ జరుగుతుంది. కాలిన క్లచ్‌ల వాసన లోయంతా కమ్ముకుంటుంది. దాదాపు రెండువేల ఏళ్ళ కిందటి రోమన్ల కోట శిథిలాలు అక్కడే ఉన్నాయి. ఎదురుచూసేవాళ్ళకి కాలక్షేపం.

ఇప్పుడు అసలు విద్యకి వద్దాం. వరసగా వెళ్ళడం. ఇందులో క్లబ్బులవాళ్ళకి ఒక పాత నియమం ఉంది: ముందు కారుని వెంటాడటం కాదు, వెనక కారుని కనిపెట్టుకుని ఉండటం నీ పని. మలుపు దగ్గర వెనకవాడు కనపడకపోతే కనపడేదాకా ఆగాలి. నువ్వు ఆగితే నీ ముందువాడు ఆగుతాడు, వాడి కోసం వాడి ముందువాడు ఆగుతాడు, కబురు చెప్పకుండానే నాయకుడిదాకా చేరుతుంది. ఫోనుకి సిగ్నలు రాని వేల్స్ కొండల్లో కూడా ఒక్కడూ తప్పిపోడు. ఇది వింటేనే తెలుస్తోంది కదా, ఎంత విసుగు పుట్టించే పద్ధతో. మీరు అద్దం వైపు చూడకండి. ఎలాగూ ఇంజను అదురుకి ఆ అద్దంలో ఒక కారు నాలుగు కార్లుగా కనపడుతుంది. ముందువాడి నంబరు ప్లేటుకి ఆనుకున్నట్టు నడపండి. వాడు దారి తప్పితే మీరూ తప్పండి. గుంపులో గోవిందా.

దారి కాగితాల మీద రాసి అందరికీ పంచే అలవాటు కొన్ని క్లబ్బుల్లో ఉంది. ర్యాలీలవాళ్ళు వాడే ట్యులిప్ బొమ్మలు గీస్తారు. ప్రతి కూడలికీ ఒక చుక్క, ఒక బాణం, పక్కన మైళ్ళు. పక్క సీట్లో ఉన్నవాళ్ళు చదివి చెప్తే డ్రైవరు రోడ్డు చూసుకుంటాడు. ఆ కాగితం గనక పంచారో నాయకుడికి విలువ పోతుంది. దారి మీ బుర్రలోనే దాచుకోండి. కూడలి రాగానే ఆఖరి క్షణంలో తిరగండి. ఇండికేటరు వేయాలా అంటే, వేయండి, కానీ ఒక్కసారి వేశాక ఆపకండి. పాత సెవెన్లలో ఇండికేటరు మీట దానంతటది వెనక్కి రాదు, వేలితో ఆపాలి. పొద్దున పార్కింగులో ఎడమకి వేసింది సాయంత్రందాకా కొట్టుకుంటూ ఉంటే, మీ వెనకున్నవాళ్ళు ప్రతి సందు దగ్గరా ఆశగా బ్రేకు నొక్కుతారు. వాళ్ళ బ్రేకులకి అదీ ఒక పరీక్షే.

పదిహేను కార్లుంటే నాలుగైదు చొప్పున విడగొట్టి, మధ్యలో ఎడం ఉంచి పంపాలని, అప్పుడే ఊరివాళ్ళ కార్లు ఒక్కో గుంపునీ దాటిపోగలుగుతాయని ఇంకో వాదన. ఊరివాళ్ళకి అంత తొందరేమిటి? ఆదివారం వాళ్ళెక్కడికి పోవాలి? సందు లేకుండా వరస కట్టండి. డొంకదారుల్లో 60 మైళ్ళు పోనిస్తారు. ఊరు రాగానే తగ్గించమంటారు. వేల్స్‌లో అయితే 2023 సెప్టెంబరు 17 నుంచి ఇళ్ళున్న వీధుల్లో చాలాచోట్ల 20 మైళ్ళే. ఆ వేగంలో మీ సైలెన్సర్ గొప్పతనం ఎవరికీ వినపడదు కాబట్టి చర్చి ముందు క్లచ్ నొక్కి రెండుసార్లు యాక్సిలరేటరు తొక్కండి. వచ్చే ఏడాది ఆ ఊరి పబ్బువాళ్ళు మీ క్లబ్బుని రావద్దంటే, ఇంకో ఊరు చూసే అవకాశం వస్తుంది.

స్కాట్లండు కొండల్లో, ముఖ్యంగా సముద్రమట్టం దగ్గర మొదలై 626 మీటర్ల ఎత్తుకి ఎక్కే బేలాక్ నా బా దారిలో, ఒకే వరస రోడ్డు పక్కన అక్కడక్కడా కాస్త వెడల్పు చేసి పాసింగ్ ప్లేస్ అని బోర్డు పెడతారు. ఎదురుబండికి దారి ఇవ్వడానికీ, వెనక తొందరలో ఉన్నవాణ్ణి పోనివ్వడానికీ అంటారు. అంత మంచి దృశ్యం కనపడే చోటు ఊరికే వదిలేస్తారా ఎవరైనా? కారు ఆపండి, దుప్పటి పరవండి, ఫ్లాస్కు తీయండి. దారి ఇచ్చినవాడికి చెయ్యెత్తి కృతజ్ఞత చెప్పడం అక్కడి మర్యాద. మీ చేతిలో సమోసా ఉంటుంది కాబట్టి అది కుదరకపోవచ్చు.

ఇక భోజనం. ముందే ఫోను చేసి ముప్పైమంది వస్తున్నామని, అందులో శాకాహారులు ఇంతమందని చెప్పడం పబ్బువాళ్ళని అవమానించడమే. వాళ్ళ వంటవాడి సత్తా మీద మీకు నమ్మకం లేదనే కదా. ఒంటిగంటకి అందరూ ఒక్కసారిగా లోపలికి పోండి. ఒక గంటన్నర తరవాత చిప్స్ వస్తాయి. యార్క్‌షైర్ డేల్స్‌లో 528 మీటర్ల ఎత్తున టాన్ హిల్ ఇన్ అని ఉంది, బ్రిటన్‌లో అంతకంటే ఎత్తున ఇంకో పబ్బు లేదు. 2021 నవంబరులో ఆర్వెన్ తుపాను వచ్చినప్పుడు మంచు కమ్మి 61 మంది అందులో మూడు రాత్రులు చిక్కుబడిపోయారు. ఒయాసిస్ పాటలు వాయించే ఒక బ్యాండు కూడా వాళ్ళతోపాటే ఇరుక్కుంది. చలికాలంలో వాతావరణ సూచన చూడకుండా, హీటరు లేని కారులో అక్కడికి వెళ్తే అలాంటి భాగ్యం మీకూ పట్టవచ్చు. లోపల పడుకోవడానికి చోటు దొరికిందా సరేసరి, లేకపోతే కారుందిగా, పైకప్పు లేనిది.

తాగే సంగతి ఒక్క మాటలో తేలుస్తాను. ఇంగ్లండులో వంద మిల్లీలీటర్ల రక్తానికి 80 మిల్లీగ్రాముల దాకా పరిమితి, స్కాట్లండులో 2014 డిసెంబరు నుంచి 50. సరిహద్దు దాటిన సంగతి మీ రక్తానికి తెలియదు, అక్కడి పోలీసులకి తెలుసు. ఇందులో మాత్రం నా దగ్గర సలహా లేదు, నిమ్మకాయ సోడా తాగండి.

పార్కింగులో కబుర్లే ఈ షికారుకి ప్రాణం. అక్కడ మనవాళ్ళు రాణించగల రెండు ప్రశ్నలున్నాయి. మొదటిది కోబ్రావాడిని అడగాల్సింది: "ఇది నిజమైనదేనా?" నిజమైన ఏసీ కోబ్రాలు అరవైల్లో తయారైనవి మహా అయితే వెయ్యి. అవి కోట్ల ఖరీదు చేస్తాయి, వానలో పబ్బు వెనక నిలబడవు. మూడేళ్ళు ఫైబర్ బాడీ గరుకుకాగితంతో రుద్ది రుద్ది నున్నచేసుకున్న మనిషికి ఆ ప్రశ్న ఎలా ఉంటుందో మొహం చూసి తెలుసుకోవచ్చు. రెండోది అందరినీ అడగాల్సింది, ఇందాక ఆగమన్నది: "మొత్తం ఎంత పడింది?" ఇది ఆ ఇంటి ఇల్లాలు పక్కన ఉన్నప్పుడే అడగాలి. ఏ ఓనరూ రసీదులన్నీ ఒక్కచోట కూడడు. కూడినా పైకి చెప్పడు. ఇంజను ఒక ఏడాది లెక్కలోకి, గేర్‌బాక్సు ఇంకో ఏడాది లెక్కలోకి, టైర్లు "పాతవే దొరికాయి" అనే పద్దులోకి పోతాయి. మీ ప్రశ్నతో ఆ పద్దులన్నీ ఒక్కసారి బయటికొస్తాయి. తిరుగు ప్రయాణంలో ఆ కారులో మాటలుండవు. ఇంజను చప్పుడు వాళ్ళకి స్పష్టంగా వినపడుతుంది.

మీ ఇంటావిడని కూడా తప్పకుండా తీసుకెళ్ళండి. సెవెన్‌లోకి దిగాలంటే సీటు మీద కాలేసి, నిలబడి, కాళ్ళు ముందున్న సొరంగంలోకి జార్చాలి. ఆ సంగతి బయల్దేరే నిమిషంలో చెప్పండి, ఆవిడ పట్టుచీర కట్టుకుని వచ్చాక. డిక్కీ అనేది పేరుకే కాబట్టి పులిహోర డబ్బా ఆవిడ ఒళ్ళోనే. సైలెన్సర్ గొట్టం కారు పక్కనే, దిగేటప్పుడు సరిగ్గా పిక్కకి తగిలే ఎత్తులో ఉంటుంది. మొదటిసారి దిగే ప్రతివాళ్ళకీ అక్కడ ఒక మచ్చ పడుతుంది. పాతవాళ్ళు ముందే హెచ్చరిస్తారు, మీరు హెచ్చరించకండి. సభ్యత్వం ఖాయమయ్యేది ఆ మచ్చతోనే. "ఏవండీ, మాడు వాసన వస్తోంది, పులిహోరదా కారుదా?" అని ఆవిడ అడిగితే ఏదో ఒకటి చెప్పండి. ఆ గాలికీ చప్పుడుకీ ఎలాగూ వినపడదు.

వాన గురించి ఎక్కువ చెప్పను. గుడ్డ టాపు ఇంట్లో వదిలేయండి, బరువు దండగ. తెచ్చినవాళ్ళు బటన్లు నొక్కడం పూర్తిచేసేసరికి వాన వెలుస్తుంది.

అన్నిటికంటే కమ్మనిది ఎవరిదో ఒకరి కారు ఆగిపోవడం. ఆగకుండా పోదు. ఈ కిట్ కార్లలో చాలా వాటికి బాడీ ఫైబర్‌ది. ఇనప బాడీ కార్లలో రేకే కరెంటుకి తిరుగుదారి. ఫైబర్‌లో ఆ దారి ఉండదు కాబట్టి ప్రతి దీపానికీ, ప్రతి పంపుకీ వెనక్కి వేరే ఎర్త్ తీగె లాగాలి. ఆ తీగెల్లో ఏదో ఒకటి వదులవుతుంది. కుడి ఇండికేటరు వేస్తే హెడ్‌లైటు ఆరిపోయినా, బ్రేకు తొక్కితే ముళ్ళన్నీ ఒక్కసారి లేచినా కారణం నూటికి తొంభైపాళ్ళు అదే. రెండు మూరల తీగె, నాలుగు క్లిప్పులు, ఒక టెస్ట్ ల్యాంపు ఉంటే రోడ్డు పక్కనే సరిచేసుకోవచ్చు. అందుకని అవి మీ దగ్గర లేకుండా చూసుకోండి. ఎవరి దగ్గరో ఉంటాయి. క్లబ్బంటే మరెందుకు?

బానెట్ ఎత్తగానే అందరూ చుట్టూ చేరతారు. ఒకాయన పెట్రోలు పంపు అంటాడు, ఒకాయన కాయిల్ అంటాడు, ఇంకొకాయన మాట్లాడకుండా మోకాళ్ళ మీద కూర్చుని తీగెలు ఒక్కొక్కటే లాగి చూస్తుంటాడు. ఆ మూడో ఆయన పక్కన చేరి టార్చి పట్టుకోవడం, అడిగిన పానా అందించడం, ఆయనకి టీ తెచ్చివ్వడం లాంటి పొరపాట్లు చేయకండి. ఒకసారి చేశారంటే కారు ఎలా పనిచేస్తుందో తెలిసిపోతుంది, ఆయనతో స్నేహం కుదురుతుంది, వచ్చే శనివారం ఆయన మీ గరాజ్‌కి వస్తాడు. కొందరికి ఇలా ఇరవై ముప్పై ఏళ్ళ బంధాలు అంటుకున్నాయి. మీరు కాస్త ఎడంగా నిలబడి వీడియో తీయండి. "మా బండి ఇంతవరకూ ఒక్కసారీ ఆగలేదు" అని మధ్యమధ్యలో వినపడేట్టు అనండి.

హైదరాబాదు నుంచి వచ్చిన మావయ్యని వెంట తీసుకెళ్తే ఇంకా రక్తి కడుతుంది. "ఏరా, ఇంత చదువు చదివి నట్లు నువ్వు బిగించుకోవడమేంట్రా? కంపెనీవాళ్ళకి చేతకాదా?" అని ఆయన అందరి ముందూ అంటారు. ఆయన్ని నొప్పించకండి. చేత్తో కార్లు కట్టిన మనిషి వాళ్ళ ఊళ్ళోనే ఉన్నారని, బహదూర్‌పురాలో సుధాకర్‌గారి సుధా కార్ల మ్యూజియంలో బూటు ఆకారం కారు, క్రికెట్ బ్యాటు ఆకారం కారు నిజంగానే నడుస్తాయని చెప్పి కన్నీళ్ళు తెప్పించవద్దు. ఆయన జూపార్కుకి వందసార్లు వెళ్ళుంటారు, పక్కనే ఉన్న దీన్ని చూసి ఉండరు. మన దేశంలో ఈ సరదా రోడ్డెక్కడం కష్టం. కంపెనీ ఇచ్చిన రూపం మార్చిన బండిని రిజిస్టరు చేయకూడదని 2019 జనవరిలో సుప్రీంకోర్టు తేల్చేసింది. కనక మావయ్య ఫొటో అయినా తీయించుకోనివ్వండి, కోబ్రాలో కూర్చోబెట్టి. ఓనర్ని అడగనక్కర్లేదు.

ఇవన్నీ తు.చ. తప్పకుండా పాటించండి. వచ్చే నెల షికారు ఎప్పుడో క్లబ్బువాళ్ళు మీకు చెప్పడం మరిచిపోతే నొచ్చుకోకండి, నాకూ చెప్పరు. ఎలాగో కనుక్కుని వెళ్తుంటాను. మీరూ వస్తే పలకరించండి. పార్కింగు గేటుకి అడ్డంగా, ఎడమ ఇండికేటరు కొట్టుకుంటూ ఉన్న కారు నాదే.